అమెరికాలో రేసిజం ఆరోపణ వార్తల్లోకొస్తే: ఏ ప్రశ్నకు జవాబు ఎక్కడ వెతకాలి?

2023 సెప్టెంబరులో సియాటిల్ పోలీసుల బాడీ క్యామ్ వీడియో ఒకటి బయటికొచ్చినప్పుడు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులన్నీ దానితోనే నిండిపోయాయి. ఆ ఏడాది జనవరి 23 రాత్రి, ఆదోని నుంచి చదువు కోసం వెళ్లిన 23 ఏళ్ల కందుల జాహ్నవి రోడ్డు దాటుతుండగా పోలీసు కారు ఢీకొని చనిపోయింది. పోలీసు యూనియన్ నాయకుడైన ఒక అధికారి ఆ తర్వాత ఫోన్లో నవ్వుతూ, పదకొండు వేల డాలర్లకు ఒక చెక్కు రాస్తే సరిపోతుందని, ఆమెకు పెద్దగా విలువ లేదని అన్న మాటలు ఆ వీడియోలో ఉన్నాయి.

ఆ వీడియో మీద వచ్చిన కథనాలు మూడు దారుల్లో వెళ్లాయి. చనిపోయింది భారతీయురాలు కాబట్టే అలా మాట్లాడాడని కొందరు రాశారు. నగరం తరఫు లాయర్లు ప్రాణానికి ఎలా వెల కడతారో వెక్కిరించానే తప్ప ఆమెను కాదని ఆ అధికారి ఇచ్చిన వివరణను మరికొందరు ముందు పెట్టారు. ఇంకొందరు ఈ మాటల గొడవ పక్కనబెట్టి, గంటకు 25 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద 74 మైళ్ల వేగంతో కారు నడిపిన ఇంకో అధికారి సంగతి అడిగారు. తన గ్రూపులో ఏ కథనం ముందొస్తే అదే మొత్తం సంగతని చాలామంది అనుకున్నారు.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ నాలుగు ప్రశ్నలు కలగాపులగం అవుతాయి. అసలు ఏం జరిగింది? అది చట్టం ప్రకారం నేరమా? ఒక మనిషి బుద్ధా, వ్యవస్థ తీరా? దాన్ని రాజకీయంగా ఎవరు ఎటు లాగుతున్నారు? ఈ నాలుగింటికీ ఒకే చోట జవాబు దొరకదు. టీవీ డిబేట్ నాలుగో దానికి పనికొస్తుంది, మొదటి దానికి పనికిరాదు. కోర్టు కాగితం రెండో దానికి బాగా పనికొస్తుంది, మూడో దాని గురించి చాలాసార్లు నోరెత్తదు. మన పిల్లలు లక్షల్లో ఉన్న దేశం అది. అక్కడి వార్తను తప్పుగా అర్థం చేసుకుంటే ఇక్కడ అమ్మానాన్నలకు నిద్ర పట్టదు, లేదంటే నిజంగా భయపడాల్సినప్పుడు ధీమాగా ఉండిపోతారు. అందుకే దేన్ని దేనికి ఎంచుకోవాలో నా అభిప్రాయం వివరంగా రాస్తున్నాను.

వైరల్ క్లిప్పా, అధికారుల ప్రకటనా?

ముందుగా చేతికొచ్చేవి ఈ రెండే. ఏది నమ్మాలంటే, రెండింటినీ వెంటనే నమ్మకూడదన్నది అనుభవం నేర్పిన జవాబు. రెండూ దెబ్బతీసిన సందర్భాలున్నాయి.

2010 జులై 19న ఆండ్రూ బ్రైట్‌బార్ట్ అనే కన్సర్వేటివ్ ప్రచురణకర్త మూడు నిమిషాలు కూడా లేని ఒక వీడియో ముక్క పెట్టాడు. అందులో అమెరికా వ్యవసాయ శాఖలో జార్జియా రాష్ట్ర గ్రామీణాభివృద్ధి డైరెక్టరుగా ఉన్న షెర్లీ షెరాడ్ అనే నల్లజాతి మహిళ, ఒకప్పుడు తెల్లజాతి రైతుకు పూర్తి మనసుతో సాయం చేయలేదని చెబుతున్నట్టు ఉంది. అదే రోజు ప్రభుత్వం ఆమె చేత రాజీనామా చేయించింది. నల్లజాతి హక్కుల కోసం పుట్టిన ఎన్‌ఏఏసీపీ కూడా ఆమెను ఖండించింది. తర్వాత 43 నిమిషాల పూర్తి ప్రసంగం బయటికొచ్చింది. ఆమె చెబుతున్నది పాతికేళ్ల కిందటి సంగతి, అదీ తన మనసు ఎలా మారిందో వివరించడానికి. పేదరికానికి రంగు లేదని గ్రహించానని, చివరికి ఆ రైతు పొలం నిలబెట్టడానికి తిరిగానని ఆమె చెప్పింది. ఆ రైతు కుటుంబమే ముందుకొచ్చి ఆమె తమకు మేలు చేసిందని చెప్పింది. వ్యవసాయ మంత్రి టామ్ విల్సాక్ క్షమాపణ అడిగాడు, అధ్యక్షుడు ఒబామా ఫోన్ చేశాడు. ఉద్యోగం మాత్రం ఒక్క రోజులోనే పోయింది.

ఈ కథలో నన్ను ఎక్కువ బాధపెట్టేది బ్రైట్‌బార్ట్ చేసిన పని కాదు. పూర్తి వీడియో అడిగి చూసుకునే వీలున్న ప్రభుత్వం, ఆమె పక్షాన నిలబడాల్సిన సంస్థ, ఇద్దరూ టీవీలో ఏమంటారోనన్న టెన్షన్‌తో ఆగలేకపోవడం.

2019 జనవరిలో వాషింగ్టన్‌లోని లింకన్ మెమోరియల్ దగ్గర జరిగింది కూడా ఇలాంటిదే. ట్రంప్ టోపీ పెట్టుకున్న ఒక హైస్కూలు కుర్రాడు మూలవాసి పెద్దాయన ఎదురుగా నిలబడి ఉన్న చిన్న క్లిప్ చూసి దేశమంతా ఆ కుర్రాడిని రేసిస్టు అంది. పొడవైన వీడియోలు వచ్చాక అక్కడ మూడో బృందం ఉందని, ఆ గుంపులో ముందు తిట్లు మొదలుపెట్టింది వాళ్లని, పెద్దాయనే నడుచుకుంటూ పిల్లల మధ్యకు వచ్చాడని తేలింది. ఆ కుర్రాడు వేసిన దావాల్లో సీఎన్ఎన్, వాషింగ్టన్ పోస్ట్ 2020లో రాజీ చేసుకున్నాయి. మరికొన్ని సంస్థల మీద వేసిన దావాలను మాత్రం కోర్టు 2022లో కొట్టేసింది.

ఇవి చదివి క్లిప్పులన్నీ మోసమే అనుకుంటే ఇంకో గుంటలో పడతాం. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయినప్పుడు పోలీసులు ఇచ్చిన మొదటి ప్రకటన శీర్షిక ఏమిటో గుర్తుచేసుకోండి: పోలీసులతో వ్యవహారం మధ్యలో ఆరోగ్య సమస్య తలెత్తి ఒక వ్యక్తి మృతి అని. మెడ మీద మోకాలి ఊసే లేదు. అక్కడ నిలబడి ఉన్న 17 ఏళ్ల అమ్మాయి ఫోన్లో తీసిన వీడియో లేకపోతే ఆ ప్రకటనే చరిత్రగా మిగిలేది. 2021లో పులిట్జర్ బోర్డు ఆ అమ్మాయికి ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది. ఆ అధికారికి హత్య నేరం కింద ఇరవై రెండున్నరేళ్ల శిక్ష పడింది.

కాబట్టి ఈ రెండింటిలో ఎంచుకోవాల్సి వస్తే నేను చూసేది నిడివి. ఘటన మొదలు నుంచి చివర దాకా ఆగకుండా ఉన్న వీడియో అయితే అధికారుల ప్రకటన కన్నా దానికే ఎక్కువ విలువ ఇస్తాను. ముందూ వెనకా కోసేసిన ముప్పై సెకన్ల ముక్క అయితే అది ఎవరికి అనుకూలంగా ఉన్నా ఫార్వర్డ్ చేయను. రెండు మూడు రోజులు ఆగితే మిగతాది దాదాపు ఎప్పుడూ బయటికొస్తుంది.

టీవీ డిబేట్ దేనికి పనికొస్తుంది

సీఎన్ఎన్ 1980లో మొదలైంది. ఫాక్స్ న్యూస్, ఎంఎస్ఎన్‌బీసీ రెండూ 1996లో వచ్చాయి. ఈ మూడోది 2025 నవంబరు నుంచి ఎంఎస్ నౌ అనే పేరుతో నడుస్తోంది. ఫాక్స్ రిపబ్లికన్ల వైపు, ఎంఎస్ నౌ డెమొక్రాట్ల వైపు మొగ్గుతాయన్నది అందరికీ తెలిసిందే. మనవాళ్లకు అంతగా తెలియనిది ఇంకోటుంది. రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు వచ్చే షోలు వార్తలు కావు. ఆ మాట కోర్టులే చెప్పాయి. ఫాక్స్‌లో టకర్ కార్ల్‌సన్ మాటల మీద పరువు నష్టం దావా పడితే, ఆ షో చూసేవాళ్లు అతని మాటల్ని వాస్తవ ప్రకటనలుగా కాక అతిశయోక్తిగా, అభిప్రాయంగా తీసుకుంటారని 2020లో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి కొట్టేశారు. అదే ఏడాది ఎంఎస్ఎన్‌బీసీలో రేచల్ మాడో మీద పడిన దావాను కాలిఫోర్నియాలో దాదాపు అదే తర్కంతో కొట్టేశారు, పై కోర్టు కూడా దాన్ని సమర్థించింది. రెండు వైపులా ఒకటే తీర్పన్నమాట: ఇది అభిప్రాయం, వాస్తవంగా తీసుకోకండి.

అందుకే ఏం జరిగిందో తెలుసుకోవడానికి రాత్రి డిబేట్ పెట్టుకోకండి. ఏ పార్టీ ఈ ఆరోపణను ఎలా మలుస్తోందో తెలుసుకోవాలంటే మాత్రం అంతకన్నా మంచి చోటు లేదు. అదీ ఒకే రోజు రెండు ఛానళ్లూ చూస్తేనే. ఒక ఛానల్ ఏం చెప్పిందన్న దానికన్నా, రెండో ఛానల్ చెప్పిందాంట్లో మొదటిది వదిలేసింది ఏమిటన్నదే ఎక్కువ చెబుతుంది. అరుపులు లేకుండా రెండు పక్షాలూ వినాలనుకుంటే పీబీఎస్ అనే పబ్లిక్ టీవీలో వచ్చే న్యూస్ అవర్ ఉంది. నెమ్మదిగా సాగుతుంది, కాని చూశాక ఏదో ఒకటి కొత్తగా తెలుస్తుంది.

మన తెలుగు ఛానళ్ల చర్చల సంగతి. అమెరికాలో సొంత విలేఖరి లేకుండా ఏజెన్సీ కాపీ మీద గంట చర్చ నడిపితే అందులో కొత్త సమాచారం ఉండే అవకాశం తక్కువ. ఆ గంటలో ఆ ఏజెన్సీ కాపీని నేరుగా చదవచ్చు. అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ), రాయిటర్స్ వార్తాసంస్థల వార్తలు ఎవరికైనా అందుబాటులో ఉంటాయి.

ఒకే రోజు రెండు నివేదికలు

నన్నడిగితే అన్నింటికన్నా విలువైనవి, అందరూ తక్కువగా చదివేవి అసలు పత్రాలు. ఎందుకో చెప్పడానికి ఫెర్గూసన్ కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

2014 ఆగస్టు 9న మిస్సోరిలోని ఫెర్గూసన్‌లో మైకేల్ బ్రౌన్ అనే 18 ఏళ్ల నల్లజాతి యువకుణ్ని డారెన్ విల్సన్ అనే తెల్లజాతి పోలీసు కాల్చి చంపాడు. చేతులు పైకెత్తి లొంగిపోతున్నా కాల్చాడన్న మాట పాకింది. 'చేతులెత్తాం, కాల్చొద్దు' అన్నది దేశవ్యాప్త నినాదం అయింది. నవంబరులో స్థానిక గ్రాండ్ జ్యూరీ అభియోగం మోపడానికి నిరాకరించింది. ఊరు తగలబడింది.

2015 మార్చి 4న ఫెడరల్ న్యాయ శాఖ రెండు నివేదికలు విడుదల చేసింది. ఒబామా ప్రభుత్వం, నల్లజాతి అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్ హయాం. మొదటి నివేదిక 86 పేజీలు, ఆ కాల్పుల గురించి. చేతులెత్తి లొంగిపోయాడన్న సాక్ష్యాలు భౌతిక ఆధారాలతో సరిపోలడం లేదని, విల్సన్ మీద కేసు నిలబడదని అది తేల్చింది. రెండో నివేదిక సుమారు వంద పేజీలు, ఆ ఊరి పోలీసు శాఖ గురించి. ఊళ్లో నల్లజాతివాళ్లు 67 శాతం. 2012 నుంచి 2014 వరకు పోలీసులు ఆపిన వాహనదారుల్లో వాళ్లు 85 శాతం, చలాన్లలో 90 శాతం, అరెస్టుల్లో 93 శాతం. రోడ్డు మీద నడిచే తీరు బాగాలేదన్న కేసుల్లో 95 శాతం వాళ్ల మీదే. సుమారు 21 వేల జనాభా ఉన్న ఊళ్లో 2013 ఒక్క ఏడాదిలో కోర్టు 9,000కు పైగా వారెంట్లు ఇచ్చింది. చాలావరకు పార్కింగ్, ట్రాఫిక్, ఇంటి ముందు గడ్డి లాంటి చిన్న చిన్న వాటికి. జరిమానాలతో ఊరి ఖజానా నింపడమే పోలీసుల పని అయిపోయిందని, అధికారుల ఈమెయిళ్లలో ఒబామా మీద, నల్లజాతివాళ్ల మీద నీచమైన జోకులు ఉన్నాయని ఆ నివేదిక రాసింది.

బ్రౌన్, విల్సన్ మధ్య జరిగింది ప్రచారంలో ఉన్నట్టు జరగలేదు. ఆ ఊళ్లో నల్లజాతివాళ్ల మీద ఏళ్ల తరబడి జరిగిన అన్యాయం మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. రెండూ ఒకే శాఖ, ఒకే రోజు చెప్పింది. పోలీసుల పక్షం వాళ్లు మొదటి నివేదికను మాత్రమే ఊపారు, ఎదుటి పక్షం వాళ్లు రెండోదాన్ని మాత్రమే చదివి వినిపించారు. రెండూ చదివి బాహాటంగా మనసు మార్చుకున్నవాళ్లు కొద్దిమందే. వాళ్లలో అప్పటి వాషింగ్టన్ పోస్ట్ కాలమిస్టు జోనథన్ కేప్‌హార్ట్ ఒకరు. ఆయన నల్లజాతివాడు, ఉదారవాది. ఆ నినాదం అబద్ధం మీద నిలబడిందని ఆ నెలలోనే రాశాడు. అదే వ్యాసంలో రెండో నివేదిక బయటపెట్టిన వివక్ష గురించీ రాశాడు. ఆయనకు తిట్లు బాగానే పడ్డాయి. ఆ ధైర్యం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

మొదటి రెండు ప్రశ్నలకు మొదటి నివేదిక జవాబిచ్చింది. మూడో ప్రశ్నకు రెండోది జవాబిచ్చింది. ఒక్కటే చదివినవాడికి సగం ఫెర్గూసనే తెలుస్తుంది.

ఈ పత్రాలు చదవడం మనం అనుకున్నంత కష్టం కాదు. న్యాయ శాఖ నివేదికలు, అభియోగ పత్రాలు ఉచితంగా దొరుకుతాయి. చాలా నివేదికల మొదట్లో నాలుగైదు పేజీల సారాంశం ఉంటుంది. అది చదివితే డిబేట్‌లో మాట్లాడేవాళ్లలో చాలామంది కన్నా మీకు ఎక్కువ తెలుస్తుంది. లోపం ఒక్కటే. ఇవి రావడానికి నెలలు పడుతుంది, అప్పటికి జనం ఇంకో గొడవకు వెళ్లిపోతారు.

స్థానిక పత్రికా, జాతీయ పత్రికా?

స్థానిక పత్రిక. నాకు ఇందులో అనుమానమే లేదు.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతాలోని ఒక బార్‌లో హైదరాబాద్ ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపారు. 'నా దేశం నుంచి పొండి' అని అరుస్తూ ఒకడు కాల్చాడు. ఆయన స్నేహితుడు గాయపడ్డాడు, అడ్డుకోబోయిన తెల్లజాతి యువకుడు కూడా తూటా తిన్నాడు. జాతీయ మీడియాలో చర్చ వెంటనే ట్రంప్ మీదకు మళ్లింది. ఆయన వలస వ్యతిరేక మాటలకూ దీనికీ సంబంధం ఉందా అని అడిగితే, అలాంటి ముడి పెట్టడమే అసంబద్ధమని వైట్‌హౌస్ ప్రతినిధి షాన్ స్పైసర్ అన్నాడు. ఫిబ్రవరి 28న పార్లమెంటు ఉభయసభల ముందు ట్రంప్ ఈ ఘటనను ఖండించాడు. అక్కడితో జాతీయ ఛానళ్లు దాదాపు వదిలేశాయి.

మన ఇళ్లలో మాత్రం ఒక ప్రశ్న మిగిలిపోయింది. అంత స్పష్టంగా అరిచి కాల్చినా ముందు పెట్టిన కేసులో హేట్ క్రైమ్ (జాతి లాంటి ద్వేషంతో చేసిన నేరం) అన్న మాట ఎందుకు లేదు? దీనికి జవాబు కాన్సస్ సిటీ స్టార్ లాంటి స్థానిక పత్రికలను అనుసరించినవాళ్లకు దొరికింది. కాన్సస్ రాష్ట్రంలో హేట్ క్రైమ్ అని విడిగా ఒక నేరం లేదు, ద్వేషాన్ని శిక్ష పెంచే కారణంగా మాత్రమే చూస్తారు. అందుకే రాష్ట్రం హత్య కేసు పెట్టింది, హేట్ క్రైమ్ కేసును 2017 జూన్‌లో ఫెడరల్ ప్రభుత్వం పెట్టింది. 2018లో హంతకుడు రెండింటిలోనూ నేరం ఒప్పుకున్నాడు, యావజ్జీవ శిక్షలు పడ్డాయి. ట్రంప్ ప్రభుత్వ న్యాయ శాఖే ఆ కేసు నడిపిందన్నది కూడా రెండు పక్షాలూ తమ కథల్లో చెప్పని వివరం.

శ్రీనివాస్ భార్య అప్పట్లో అడిగిన ప్రశ్న, మేం ఇక్కడివాళ్లమేనా అన్నది, కోర్టు తీర్పుతో తీరేది కాదు. దాన్ని ఏ పత్రిక నుంచీ ఆశించలేం.

జాహ్నవి కేసులోనూ సియాటిల్ టైమ్స్, ఆ నగరం స్థానిక టీవీ ఛానళ్లు వదలకుండా వెంటపడ్డాయి. 2024 ఫిబ్రవరిలో కారు నడిపిన అధికారి మీద క్రిమినల్ కేసు పెట్టబోమని ప్రాసిక్యూటర్ ప్రకటించడం, జులైలో ఆ మాటలన్న అధికారిని ఉద్యోగం నుంచి తీసేయడం, 2025 జనవరిలో కారు నడిపిన అధికారిని కూడా తీసేయడం, ఇవన్నీ వాళ్లే మెట్టు మెట్టుగా రాశారు. తెలుగు గ్రూపులకు వీడియో చేరింది కాని ఈ ముగింపు చాలామందికి చేరనేలేదు. ఏ ఘటనైనా ఏ కౌంటీలో జరిగిందో చూసి అక్కడి పత్రిక పేరు వెతకండి.

'రేసిస్ట్' అని రాసే పత్రికా, రాయని పత్రికా?

2019 జులై 14న ట్రంప్ నలుగురు డెమొక్రాటిక్ మహిళా సభ్యులను ఉద్దేశించి, వచ్చిన దేశాలకే తిరిగి వెళ్లి వాటిని బాగుచేసుకోండని ట్వీట్ చేశాడు. నలుగురిలో ముగ్గురు అమెరికాలోనే పుట్టినవాళ్లు. సీఎన్ఎన్, పబ్లిక్ రేడియో సంస్థ ఎన్‌పీఆర్ లాంటివి వీటిని నేరుగా రేసిస్ట్ ట్వీట్లనే రాశాయి. ఆ ఏడాది మార్చిలోనే ఏపీ వార్తాసంస్థ తన శైలి నియమాలు మార్చి, రేసిస్ట్ అన్న మాట నిజంగా వర్తించే చోట దాన్ని తప్పించుకోవడానికి మెత్తటి మాటలు వాడొద్దని చెప్పి ఉంది. ఎన్‌పీఆర్‌లోనే అప్పట్లో శిక్షణ, వైవిధ్య విభాగం చూసిన కీత్ వుడ్స్ దీనికి ఒప్పుకోలేదు. ఆయన నల్లజాతివాడు. ఆ ట్వీట్లు తనకు నచ్చక కాదు, నైతిక తీర్పు చెప్పడం విలేఖరి పని కాదని. జులై 16న ప్రతినిధుల సభ ఆ ట్వీట్లను రేసిస్ట్ అంటూ 240–187 ఓట్లతో ఖండించింది. రిపబ్లికన్లలో నలుగురే అందుకు ఓటేశారు.

రెండు వాదనల్లోనూ పస ఉంది. నా మొగ్గు ఏపీ వైపే. ఎదురుగా ఉన్నదాన్ని దాని పేరుతో పిలవకపోతే చదివేవాడికి సమాచారం తగ్గుతుంది. అయితే ఏ పత్రిక ఎంచుకోవాలన్న దానికి ఆ ఒక్క మాట చూడకండి. అన్న మాటల్ని పూర్తిగా, కోట్ చేసి, మొదటి రెండు మూడు పేరాల్లో ఇచ్చిందా లేదా చూడండి. ఇస్తే మీ తీర్పు మీరే చెప్పుకోవచ్చు. అన్నదేమిటో చెప్పకుండా 'రేసిస్ట్ వ్యాఖ్యలు' అనో, 'వివాదాస్పద వ్యాఖ్యలు' అనో సరిపెట్టే పత్రికను, ఏ పక్షందైనా సరే, పక్కన పెట్టండి. వార్తా పేజీ వేరు, అభిప్రాయాల పేజీ వేరన్నది కూడా గమనించండి. మనవాళ్లు 'న్యూయార్క్ టైమ్స్ ఇలా అంది' అని పంపేవాటిలో చాలావరకు ఒక కాలమిస్టు రాసినవే.

నాయకుల మాటలు

వీటిని వాస్తవాల కోసం కాక వైఖరి తెలుసుకోవడానికే తీసుకోవాలి. 2019లో ప్యూ రీసెర్చ్ సర్వేలో ఒక ప్రశ్న ఉంది: వివక్ష లేని చోట కూడా ఉందనుకోవడం పెద్ద సమస్యా, ఉన్న చోట చూడకపోవడం పెద్ద సమస్యా? రిపబ్లికన్లలో ప్రతి నలుగురిలో ముగ్గురికి పైగా మొదటిదన్నారు, డెమొక్రాట్లలో అంతే మంది రెండోదన్నారు. వాస్తవాలు రాకముందే ఎవరు ఏ పక్కన నిలబడతారో దీన్ని బట్టి తెలిసిపోతోంది.

2017 ఆగస్టులో షార్లట్స్‌విల్‌లో శ్వేతజాతి దురహంకారుల ర్యాలీ తర్వాత ట్రంప్ రెండు వైపులా చాలా మంచివాళ్లు ఉన్నారన్న మాట ఇప్పటికీ చర్చే. పూర్తి పాఠం చదివితే కాసేపటికే నియో నాజీల గురించి తాను మాట్లాడటం లేదని, వాళ్లను పూర్తిగా ఖండించాలని కూడా అన్నాడు. ఈ వాక్యం వదిలేసి చెప్పడం అన్యాయం. కాని ఆ ర్యాలీని పిలిచిందే ఆ దురహంకారులు, ముందురోజు రాత్రి కాగడాలతో నడిచిందీ వాళ్లే. మరి అక్కడున్న ఆ మంచివాళ్లెవరన్న ప్రశ్నకు పూర్తి పాఠంలో కూడా సరైన జవాబు లేదు. పూర్తి పాఠం చదివితే గొడవ తీరకపోవచ్చు, దేని గురించి గొడవపడుతున్నామో మాత్రం స్పష్టమవుతుంది.

మనకు దగ్గరగా తగిలిన ఉదాహరణ 2025 ఫిబ్రవరిది. ప్రభుత్వ ఖర్చులు తగ్గించే పేరుతో ఎలాన్ మస్క్ నడిపిన డోజ్ బృందంలో పనిచేసిన 25 ఏళ్ల ఉద్యోగి, భారతీయుల మీద ద్వేషం మామూలు విషయం కావాలన్న అర్థంలో పోస్టులు పెట్టాడని వాల్ స్ట్రీట్ జర్నల్ బయటపెట్టింది. అతను రాజీనామా చేశాడు. మర్నాడే, భార్య ఉష తెలుగు కుటుంబం నుంచి వచ్చిన ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్, ఆ పోస్టులు తప్పే కాని కుర్రాడి జీవితం పాడుచేయకూడదు, తిరిగి తీసుకోవాలన్నాడు. తిరిగి తీసుకున్నారు. కనీసం క్షమాపణ అడిగించరా అని భారత సంతతి డెమొక్రాట్ రో ఖన్నా అడిగితే వాన్స్ కసురుకున్నాడు. ఒక నాయకుడి ఇంట్లో మనవాళ్లు ఉన్నంత మాత్రాన ఆయన ఏ పక్కన నిలబడతాడో చెప్పలేమని అప్పుడు చాలామంది తెలుగువాళ్లు నొచ్చుకున్నారు. నొచ్చుకోవడం సబబే అంటాను.

అంకెలు కావాలంటే

హేట్ క్రైమ్స్ మీద ఎఫ్‌బీఐ ఏటా లెక్కలిస్తుంది. 2019కి 7,314 ఘటనలు. న్యాయ శాఖలోనే గణాంకాల విభాగం ఇళ్లకు వెళ్లి అడిగే సర్వే ప్రకారం 2005 నుంచి 2019 వరకు సగటున ఏడాదికి సుమారు రెండున్నర లక్షలు. ఇంత తేడాకు కారణం, చాలామంది పోలీసుల దాకా వెళ్లకపోవడం, లెక్క చెప్పే పోలీసు శాఖల్లో అత్యధికం సున్నా అని పంపడం. కాబట్టి ఎఫ్‌బీఐ అంకెను కనీసంగా తీసుకోండి, మొత్తంగా కాదు.

ప్రత్యేకంగా భారతీయుల గురించి అయితే కార్నెగీ సంస్థ 2020లో చేయించిన సర్వే మెరుగు. అంతకుముందు ఏడాదిలో ఏదో ఒక వివక్ష ఎదుర్కొన్నామని ఇద్దరిలో ఒకరు చెప్పారు. ఎక్కువగా చెప్పింది రంగు గురించి. అక్కడే పుట్టిన పిల్లలు వలస వెళ్లినవాళ్ల కన్నా ఎక్కువగా చెప్పారు. ఇది తల్లిదండ్రులు మనసులో పెట్టుకోవాల్సిన సంగతి. మనం సర్దుకుపోయినవాటిని పిల్లలు వివక్ష అంటారు, చాలాసార్లు వాళ్లన్నదే సరైనది.

ఇంకో మాట. ఆరోపణ మన మీదకే వచ్చినప్పుడు కూడా ఇదే కొలత వాడాలి. 2020లో సిస్కో మీద కాలిఫోర్నియా ప్రభుత్వం కుల వివక్ష కేసు వేసినప్పుడు, పత్రం చదవకుండానే అదంతా కుట్ర అన్నవాళ్లు, చదవకుండానే నేరం రుజువైందన్నవాళ్లు మనలో ఇద్దరూ ఉన్నారు. 2023లో ఇద్దరు ఇంజినీర్ల మీద కేసును ప్రభుత్వమే ఉపసంహరించుకుంది, కంపెనీ మీద మాత్రం కొనసాగించింది. ఈ రెండు సగాలూ కలిపి చెప్పినవాళ్లు అరుదు.

మీరెవరన్న దాన్ని బట్టి

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులైతే ఏపీ లేదా రాయిటర్స్ వార్త ఒకటి, ఘటన జరిగిన ఊరి పత్రిక ఒకటి చాలు. మొదటి రోజు డిబేట్లు చూడకండి. పిల్లలకు ఫోన్ చేసి వాళ్లుండే చోట ఎలా ఉందో అడగండి. కాన్సస్‌లో జరిగినదాన్ని బట్టి న్యూజెర్సీ సంగతి చెప్పలేం.

అక్కడి రాజకీయాలు అర్థం చేసుకోవాలనుకునేవాళ్లు, ఓటు హక్కు ఉన్నవాళ్లు ఒకే ఆరోపణ మీద ఫాక్స్, ఎంఎస్ నౌ రెండూ చూసి, తర్వాత అసలు ప్రసంగ పాఠమో కోర్టు పత్రమో చదవాలి. ఈ వరుస ముఖ్యం. పత్రం చివర చదివితే ఎవరు ఏం దాచారో మీకే తెలుస్తుంది.

రాసేవాళ్లు, యూట్యూబ్‌లో మాట్లాడేవాళ్లు అయితే పత్రం చదవకుండా నోరు విప్పకూడదు. తెలుగులో దాన్ని చెప్పేవాళ్లు మీరొక్కరే అయ్యుండొచ్చు, మీ మాట వినేవాళ్లకు సరిచూసుకునే దారి లేకపోవచ్చు.

ఇక వివక్ష మీకే ఎదురైతే మీడియా ఎంపిక తర్వాతి సంగతి. ప్రాణభయం ఉంటే 911కు ఫోన్ చేయండి. దారిన పోయేవాడు తిట్టిన తిట్టు ఎంత నీచమైనా, బెదిరింపో దాడో లేకుంటే వాక్ స్వాతంత్ర్యాన్ని కాపాడే అక్కడి రాజ్యాంగం మొదటి సవరణ కింద అది నేరం కాకపోవచ్చు. ఆఫీసులో జరిగితే మాత్రం 1964 పౌర హక్కుల చట్టం వర్తిస్తుంది. 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ అయితే ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీకి ఫిర్యాదు చేయొచ్చు, హెచ్1బీ మీద ఉన్నా సరే. గడువు 180 రోజులు, సొంత వివక్ష నిరోధక చట్టం, దాన్ని అమలు చేసే సంస్థ ఉన్న రాష్ట్రాల్లో 300 రోజులు. యూనివర్సిటీలో జరిగితే విద్యా శాఖ పౌర హక్కుల కార్యాలయానికి 180 రోజుల్లోగా రాయాలి. తేదీలు, ఈమెయిళ్లు, సాక్షుల పేర్లు ఆ రోజే రాసి పెట్టుకోండి. గడువు లెక్క ఘటన జరిగిన రోజు నుంచే మొదలవుతుంది, హెచ్‌ఆర్‌తో మాటలు నడుస్తున్నాయని అది ఆగదు.